వల బరువుకి ఆగే దెబ్బ

ఆ రోజు పొద్దుటినుంచి ముసురు. నారు తీసి కట్టలు కడుతున్నాం. గట్టు మీద గొడుగు కింద పెట్టిన ఫోను మోగితే చేతులు కడుక్కుని తీశాను. ధవళేశ్వరం నుంచి మాస్టారి భార్య. “మీ మాస్టారు వెళ్ళిపోయారయ్యా,” అన్నారు. ఉన్న కట్టలు చేలోకి చేరేసి మధ్యాహ్నం బస్సెక్కాను.

మాస్టారు పెళ్ళిళ్ళకీ నాటకాలకీ కీబోర్డు వాయించేవారు. నిడదవోలులో ఆయన అద్దెగదిలో నాలుగేళ్ళు నేర్చుకున్నాను. ఆయన దగ్గరున్నది వర్క్‌స్టేషన్ రకం కీబోర్డు. వాయించింది దానిలోనే రికార్డవుతుంది, తర్వాత ఒక్కో దెబ్బనీ తెర మీద దిద్దుకోవచ్చు. అందులో క్వాంటైజ్ అని ఒకటుంది. కాస్త ముందో వెనకో వాయించినదాన్ని దగ్గర్లోని తాళం లెక్క మీదకి జరిపి పెడుతుంది. నాకు అర్థం కాకపోతే, “మీ ఊళ్ళో తాడు పట్టి నాట్లు వేస్తారు కదా, అదే ఇది. పక్కకి పడ్డ మొక్కని పీకి తాడు వెంట పాతుతుంది,” అన్నారు. మళ్ళీ తనే, “కొన్ని మొక్కలు పీకితే బతకవోయ్,” అన్నారు. నేను నవ్వేశాను.

ఆయనది ధవళేశ్వరంలో చేపలవేట కుటుంబం. ఆయన బావగారి జట్టు పెద్ద వలని ఒడ్డుకి లాగేటప్పుడు పాడే పాట ఒకటుంది. అమ్మవారి ఊరేగింపులో పాడుకోవడానికి దానికి డప్పు వరస కావాలన్నారు. మాస్టారు కీబోర్డులో డప్పు మోత పెట్టుకుని ఎనిమిది చరణాలకీ తన చేత్తోనే వాయించి రికార్డు చేసి, టీకి వెళ్ళారు. నేను విన్నాను. ప్రతి నాలుగో దెబ్బా ఆలస్యంగా పడుతోంది. సాయం చేద్దామని మొత్తం క్వాంటైజ్ కొట్టి, పాతదాని మీదే సేవ్ చేశాను.

సాయంత్రం బావగారు వచ్చి విన్నారు. “ఏం బావా, వల లాగుతున్నామా, పోలీసు కవాతు చేస్తున్నామా? నీ పెట్టె ఊపిరి పీల్చుకోదా?”

“పెట్టె తప్పు కాదు బావా. మా వాడికి తొందర.”

మాస్టారు తిడతారనుకున్నాను. “నేనెంత ఆలస్యం చేస్తున్నానో నాకే తెలీదు. కొలుద్దామా?” అన్నారు. మర్నాడు నన్ను గోదారి ఒడ్డుకి తీసుకెళ్ళారు. నాలుగో దెబ్బ దగ్గర జట్టు తాడు మీద చేయి మార్చుకుంటోంది. వల తేలిగ్గా వస్తే చేయి త్వరగా మారుతుంది. బరువైతే ఆలస్యమవుతుంది. మాస్టారు తొడ మీద తాళం వేసుకుంటూ చూసి, “చేపని బట్టి దెబ్బ పడుతోందోయ్!” అని సంబరపడిపోయారు.

మళ్ళీ వాయిద్దామనుకున్న వారంలోనే మాస్టారికి పక్షవాతం వచ్చింది. కుడిచేయి స్వాధీనం తప్పింది. ఆ చేతి వరస ఇంకెక్కడా లేదు. ఉన్న ఒక్కదాన్నీ నేనే చదును చేశాను.

ఈ వేసవిలో కీబోర్డుని ధవళేశ్వరం చేర్చి ప్రతి ఆదివారం కూర్చున్నాం. నేను ఒక్కో దెబ్బా జరిపేవాణ్ణి, ఆయన కళ్ళు మూసుకుని వినేవారు.

“ఇంకాస్త వెనక్కి.”

జరిపాను.

“అబ్బే, అంత చేప గోదారిలో లేదు.”

“నాలుగో దెబ్బలన్నీ ఒకే లెక్కన జరిపేస్తే పోదా మాస్టారూ?”

“అప్పుడు రోజూ ఒకటే చేప పడాలి.”

మాట తడబడేది గానీ చెవి తడబడేది కాదు. నేను చేసిన పని ఊసు ఒక్కసారీ ఎత్తలేదు. ఐదు చరణాలయ్యాయి. మూడు మిగిలాయి.

పెద్దకర్మ నాడు బావగారు, “అయినకాడికి పెట్టు బాబూ,” అన్నారు. పెట్టాను. జట్టు పన్నెండుమందీ షామియానా కింద నిలబడి పాడారు. ఐదు చరణాలూ సాఫీగా సాగాయి. ఆరో చరణంలో నేను చదును చేసిన దెబ్బలు మొదలయ్యాయి. ఆపుదామని బటన్ మీద వేలు పెట్టాను.

“ఉంచు. దాని దారిన దాన్ని పోనీ,” అన్నారు బావగారు.

వాళ్ళు తమ వరసలోనే పాడారు. లేని తాడు మీద చేతులు మార్చుకుంటూ, నాలుగో దెబ్బ దగ్గర ఆగుతూ. చరణం చరణానికీ కీబోర్డు ముందుకి పోయింది. అది ముందే అయిపోయింది. చివరి చరణంలో ఆఖరి పాదాలు డప్పు లేకుండానే పాడారు.

భోజనాలయ్యాక మూడింటికి జట్టు వలతో రేవుకి వెళ్ళింది. బావగారు కీబోర్డు దగ్గర పావుగంట ఆగి వెళ్ళారు. నేను ఐదింటి బస్సుకి వచ్చేశాను.