మూడో పెడలు

ఆటోమేటిక్ మంచిదా, మాన్యువల్ మంచిదా అని ఇప్పటికీ ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. స్పోర్ట్స్ కారు కొనుక్కోబోయి నేను పడ్డ యాతనలో అసలు గొడవ అది కానే కాదు. కానీ అందరూ దాన్నే పట్టుకుని నా మీద పడ్డారు కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

నేను పళ్ళ డాక్టర్ని. గవర్నర్‌పేటలో ఓ లాడ్జి పక్క సందులో, మెట్లెక్కి వెళ్ళే క్లినిక్ నాది. వంకర పళ్ళకు తీగలు బిగించి సరిచేయడం నా పని. పొద్దస్తమానం ఇంకొకళ్ళ నోట్లోకి చూస్తూ కూర్చునేదానికి స్పోర్ట్స్ కారెందుకని బంధువులంతా అడిగారు. ఎందుకేమిటి, ఇష్టం! మా ఆయన ఎరువుల వ్యాపారి. ఆయన గదంత కారు కొన్నప్పుడు ఎందుకని ఒక్కరూ అడగలేదు. స్వీట్లేవీ అన్నారు.

నేను చూసుకున్న బండి రెండే సీట్లది. ఆ కంపెనీ దాన్ని రెండు రకాలుగానూ ఇస్తోంది. టెస్ట్ డ్రైవ్‌కి ఇబ్రహీంపట్నం దాటి మైలవరం దారి పట్టాను. పక్కన షోరూం మేనేజరు, వెనకాల తన కారులో మా ఆయన. ముందు ఆటోమేటిక్ తోలాను. ఉన్నమాట చెప్పాలి, అదే త్వరగా అందుకుంది. కాలు ఆన్చీ ఆన్చకముందే దూకింది.

"స్టీరింగు వెనక ఈ రెండు రెక్కలున్నాయి చూశారా మేడమ్, కావాలంటే వీటితో గేర్లు మీరే మార్చుకోవచ్చు" అన్నాడు మేనేజరు.

మార్చి చూశాను. నేను కాస్త ఆలస్యం చేస్తే అదే మార్చేసుకుంటోంది. చిన్నపిల్ల చేతికి లక్కపిడతలిచ్చి వంట చేసుకోమన్నట్టుంది వ్యవహారం.

తరువాత మాన్యువల్, తోలి చూడటానికి మాత్రమే ఉంచిన బండి. ఒక ఊరి ముందు స్పీడు బ్రేకరు వచ్చింది. ఎడమ కాలితో క్లచ్ నొక్కి, ఎడమ చేత్తో మూడో గేరులోంచి రెండుకి లాగి, మెల్లగా వదిలాను. ఇంజను మోత మారడం వీపుకి తెలిసింది. నేను బండి నేర్చుకున్నది పుట్టింటి దగ్గర కాలవ గట్టు మీద, నాన్న పాత జీపులో. "గేరు వేసేది చేత్తో కాదే, చెవితో" అనేవాడు నాన్న. పెళ్ళయ్యాక మా ఇంట్లో కొన్నవన్నీ ఆటోమేటిక్‌లే. ఆ మోత విని ఎన్నేళ్ళయిందో. బండి పక్కకు తీసి ఆపాను. ఇదే కావాలన్నాను.

"మాన్యువల్ ఎవరూ అడగరు మేడమ్. ప్రత్యేకంగా తెప్పించాలి, నెలన్నర పడుద్ది. అయినా లేడీస్‌కి ఆటోమేటిక్కే కంఫర్టండీ."

"కంఫర్టు కావాలంటే పరుపు కొనుక్కుంటాను. మీరు ఆర్డరు రాసుకోండి. నీలం రంగు, మాన్యువల్."

అప్పటికి మా ఆయన దిగి వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డారు. అంతా విన్నారు. తలకాయ కూడా ఊపారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా అత్తగారు పంచాంగం తీశారు. "వచ్చే వారంలో శుక్ర మూఢం పెడుతోందమ్మాయ్. ఆ తరవాత ఇప్పట్లో మంచిరోజుల్లేవు. నీ బండేమో మూఢం మధ్యలో వస్తుందంటున్నావు. మూఢంలో ఇనుము ఇంటికి తెచ్చుకుంటారా ఎవరైనా?"

"నేను తెచ్చుకుంటాను అత్తయ్యా" అన్నాను.

ఎవరూ మాట్లాడలేదు. మా ఆయన మజ్జిగన్నం కలుపుకున్నారు. అయిపోయిందనుకున్నాను. మా ఇంట్లో ఎవరూ మాట్లాడకపోతే పని అయిపోయిందని కాదు, నా వెనకాల మొదలైందని. ఇన్నేళ్ళ కాపురం తరువాత కూడా ఆ మాత్రం కనిపెట్టలేకపోయాను చూడండి!

మూఢం పెట్టడానికి ఇంకో రెండు రోజులుందనగా, "పద, బండొచ్చేసింది" అన్నారు మా ఆయన.

"అదేంటండీ, నెలన్నరన్నాడుగా?"

"ఎలాగో తెప్పించార్లే. వర్జ్యం రాకముందే వెళ్ళాలి, త్వరగా తయారవు."

నమ్మాను. పట్టుచీర కట్టుకున్నాను, పిచ్చిమొహాన్ని.

షోరూంలో బండికి ఎర్రటి ముసుగు, దాని మీద రిబ్బను. స్పీకర్లో సన్నాయి. ఓ బల్ల మీద నా పేరుతో కేకు. అత్తగారు హారతి పళ్ళెం పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టారు. ముసుగు లాగారు. నీలం. సరిగ్గా నేనడిగిన నీలం. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అబద్ధమెందుకు. అందరూ చప్పట్లు కొడుతుండగా ఎక్కి కూర్చుని ఎడమ కాలు ముందుకు చాపాను.

కాలికి కార్పెట్టు తగిలింది.

వంగి చూశాను. రెండే పెడళ్ళు. క్లచ్ లేదు.

"ఇదేంటండీ?"

మా ఆయన నవ్వుతూనే ఉన్నారు. "మూఢం రాకముందు దొరికింది ఇదొక్కటే. రంగు నువ్వడిగిందేగా!"

మేనేజరు ముందుకొచ్చాడు. "సార్‌కి ఫోన్ చేసి కన్‌ఫర్మ్ చేసుకున్నాం మేడమ్. పెద్దవాళ్ళు ముహూర్తం అన్నారని..."

"ఆర్డరిచ్చింది నేను. తోలేది నేను. ఫోను ఆయనకా?"

మా ఆయన గొంతు తగ్గించారు. "నలుగురూ చూస్తున్నారు. బెంజి సర్కిల్ ట్రాఫిక్కులో ఆ క్లచ్ తొక్కీ తొక్కీ చస్తావు. రేపు నొప్పెట్టేది నీ కాలేగా? నీ మంచికే చేశాను."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ?"

"హారతి ఇచ్చేశానమ్మాయ్" అన్నారు అత్తగారు, నిజంగానే బెదిరిపోయి. "ఇప్పుడు కాదంటే అరిష్టం. నా మాట విని ఆ నిమ్మకాయలు తొక్కించెయ్. మిగతాది ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం! అరికాలి మంట నెత్తికెక్కింది. క్లినిక్ పేరు ఏం పెట్టాలన్నప్పుడూ ఇంటికెళ్ళి మాట్లాడుకుందామన్నారు. మాట్లాడుకోలేదు, బోర్డు వచ్చేసింది. ఫ్లాటు ఏ అంతస్తులో కొనాలన్నప్పుడూ అంతే. ప్రతిసారీ నా మంచికే. ప్రతిసారీ రంగు మాత్రం నన్నడిగేవారు. గోడల రంగు, కర్టెన్ల రంగు, ఇప్పుడు బండి రంగు. పైపూత నాది, లోపలున్నదంతా వాళ్ళది.

దిగాను. కొంగు నడుముకు దోపుకున్నాను. వంగి ఒక్కో చక్రం కిందనుంచీ నిమ్మకాయ తీశాను. మా వైపు నిమ్మకాయలు తొక్కించేదాకా బండి ఇంటిది కాదు. అక్కడున్న వాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. చప్పట్లు ఆగిపోయాయి, సన్నాయి మాత్రం మోగుతూనే ఉంది. నాలుగు కాయలూ తీసుకెళ్ళి అత్తగారి పళ్ళెంలో పెట్టాను. ఆవిడ పళ్ళెం ఎక్కడ దించాలో తెలియక అటూ ఇటూ చూశారు. జాలేసింది. అయినా ఆగలేదు.

"నేనడిగిన బండి వచ్చినప్పుడు ఫోన్ చెయ్యండి" అన్నాను మేనేజరుతో. "నాకు చెయ్యండి."

బయటికొచ్చి ఆటో ఎక్కి క్లినిక్‌కి వెళ్ళిపోయాను. పట్టుచీరలోనే పేషెంట్లను చూశాను. ఏంటి డాక్టర్‌గారూ, విశేషమా అని ఒకావిడ అడిగింది. నోరు తెరవండి అన్నాను.

ఆ తరువాత ఇంట్లో కావలసినంత నిశ్శబ్దం. ఫోన్లలో మాత్రం మోత. ఆడబడుచు చేసింది, పినమామగారు చేశారు, చివరికి మా అమ్మ కూడా చేసింది. అందరి నోటా ఒకటే మాట: ఇంత పంతమైతే ఎలా? మా ఆయన తన కారు సీట్ల తోలు నచ్చక వెనక్కి పంపించి వేరేది తెప్పించుకున్నారు. అప్పుడు ఆయనకు టేస్టు ఉందన్నారు. తోలు మారిస్తే టేస్టు, క్లచ్ అడిగితే పంతం. ఎక్కడి న్యాయం ఇది? నాకు ఇప్పటికీ తల తిరుగుతుంది.

బండి మూఢం నట్టనడుమ వచ్చింది. ఈసారి ఫోను నాకే వచ్చింది. ఒక్కదాన్నే వెళ్ళాను. మూఢం కదా, షోరూంలో ఈగలు తోలుకుంటున్నారు. సగం లైట్లు ఆపేశారు. సన్నాయీ లేదు, కేకూ లేదు.

"సార్ రాలేదా మేడమ్?"

"సార్‌తో పనేముంది?"

మూడు పెడళ్ళూ చూసుకుని కూర్చున్నాను. గేటు దగ్గర ఎత్తులో బండి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేశాను, మళ్ళీ ఆగింది. వాచ్‌మన్ నవ్వు బిగబట్టుకోవడం అద్దంలో కనిపించింది. నవ్వితే నవ్వుకోనీ అనుకుని ఇంజను చప్పుడు విన్నాను. క్లచ్ పట్టే చోటు దొరికింది, కదిలింది. బెంజి సర్కిల్ దగ్గర అరగంట ఇరుక్కున్నాను. తొక్కడం, వదలడం, తొక్కడం. ఎడమ మోకాలు సలపడం మొదలైంది. ఆయన చెప్పింది నిజమే. నిజమైతే మాత్రం? ఆ మాట నాతో ఆర్డరుకి ముందు చెప్పి, నేనేమంటానో వినాలి. వినకుండా నా కాలిని ఆయన కాపాడటమేమిటి?

సెల్లార్లో పెడుతుంటే మా ఆయన కిందికొచ్చారు. బండి చుట్టూ ఒకసారి తిరిగారు. బానెట్ మీద చెయ్యేసి నవ్వారు. వారాల తరువాత నా ఎదుట అదే మొదటి నవ్వు. నా పక్కకొచ్చి కిటికీలోంచి లోపలికి చూశారు.

"సరే, పంతం నెగ్గించుకున్నావు."

"పంతం కాదండీ. నేనడిగిన బండి."

"అదే, ఏదో ఒకటిలే. పద, నన్నో రౌండు తిప్పు."

ఏదో ఒకటట!

చుట్టూ తిరిగి అటువైపు తలుపు పట్టుకు లాగారు. లోపల తాళం పడి ఉంది. "తియ్" అన్నారు అద్దం మీద వేళ్ళతో కొడుతూ. పై నుంచి ఎవరో లిఫ్టు కోసం బటన్ నొక్కినట్టున్నారు, ఆ చప్పుడు వినిపించింది. నేను క్లచ్ నొక్కి రివర్స్ గేరు వేశాను. ఆయన చెయ్యి ఇంకా తలుపు మీదే ఉంది.

"చెయ్యి తియ్యండి" అన్నాను.

తీశారు.