ఉస్తాద్ సంతకం

ఒప్పుకుంటాను, ఫౌజియా అంటే నాకు కుళ్ళు. కడుపు రగిలిపోయేంత కుళ్ళు.

కావలిలో ఇంటర్ తప్పి జెద్దా సూపర్ మార్కెట్‌లో చేరి పద్నాలుగేళ్లయింది. ఇక్కడ ఉండటానికి అనుమతిచ్చే ఇఖామా కార్డులో ఇప్పటికీ 'బాబ్జాన్, లోడింగ్ కూలీ' అనే ఉంటుంది. చేసేది మాత్రం పాల సెక్షన్ మొత్తం చూసుకోవడం. ఏ సరుకు ఎప్పుడు తెప్పించాలో నేను చెబుతాను, ఈజిప్టు మేనేజరు తలూపుతాడు. ఆ సెక్షన్ సూపర్‌వైజర్ కుర్చీ రెండేళ్లుగా ఖాళీ. అది నాదేననుకున్నాను.

అప్పుడు దిగింది ఫౌజియా. కమ్యూనిటీ కాలేజీలో బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ చదివే సౌదీ అమ్మాయి. చదువులో భాగంగా రెండు నెలలు షాపులో పని నేర్చుకోవాలట. నేర్పడం నా నెత్తిన పడింది. ఆ కుర్చీ సౌదీవాళ్లకే ఇవ్వాలని రూలుందని, కోర్సు అయ్యాక తనకేనని మేనేజరు చల్లగా చెప్పాడు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

అయినా నేర్పాను. పాత తేదీ మజ్జిగ సీసాలు ముందుకి, కొత్తవి వెనక్కి. రంజాన్‌కి వారం ముందే సమోసా పట్టీలు మజ్జిగ పక్కన పెట్టాలి, ఇఫ్తార్‌కి రెండూ కలిపే కొంటారు. ప్రతిదానికీ "ఎందుకు, ఉస్తాద్?" అనేది. ఉస్తాద్ అంటే గురువు. ఆ షాపులో నన్నెవరూ అలా పిలిచిన పాపాన పోలేదు. పిలుపు తియ్యగానే ఉండేది, దాంతో ఇంకా మండేది. నేను నడుం విరగ్గొట్టుకుని నేర్చుకున్నదంతా తను రంగుల బొమ్మలేసి 'ఇన్వెంటరీ మేనేజ్‌మెంట్' అని కాలేజీకి పట్టుకెళ్లేది. నా మొహం, నా పనికి అంత పెద్ద పేరుందని నాకే తెలియదు!

చివరి రోజు మార్కుల కాగితం తెచ్చింది. పని నేర్పినవాళ్లే మార్కులు వేసి, సంతకం పెట్టి, కవరు అంటించి, దాని మీద పేరూ కార్డులో ఉన్న ఉద్యోగమూ రాయాలి. నేర్చుకునే ఆసక్తికి పదికి పదీ ఇవ్వాల్సిన పిల్ల. నాలుగు వేశాను. క్రమశిక్షణకీ నాలుగే. కుర్చీ ఎలా ఎక్కుతుందో చూద్దామనుకున్నాను.

వారం తర్వాత మేనేజరు ఫౌజియాకి ఇంకో మార్కుల కాగితం నింపుతూ కనిపించాడు. ఆ పిల్ల పని ఒక్కరోజూ చూడనివాడు అన్నిటికీ పదేశాడు. ఫౌజియా నేను నింపిన కాగితం తెచ్చి మజ్జిగ పెట్టె మీద పెట్టింది.

"కవరు మీద మీ ఉద్యోగం చూసి కాలేజీవాళ్లు కూలీ సంతకం చెల్లదన్నారు," అంది మెల్లగా. "నాకు పని నేర్పింది ఆయనే, ఆయన సంతకమే ఉండాలని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పోట్లాడాను. చివరికి ఒప్పుకుని, నా ఎదురుగానే కవరు విప్పారు. ఆ మార్కులు చాలవని, మేనేజరు చేత ఇంకో కాగితం నింపించుకు రమ్మన్నారు."

నేను మజ్జిగ సీసాలు సర్దడం మొదలెట్టాను. ఎందుకని ఆమె అడగలేదు.

ఇప్పుడు ఆ కుర్చీలో తనే. రోజూ సలాం చెబుతుంది. "బాబ్జాన్, తేదీలు చూశారా?" అని మర్యాదగానే అడుగుతుంది. కుర్చీ మీద కుళ్ళు ఎప్పుడో చల్లారింది. మొన్న పాల లారీ డ్రైవరొస్తే "రండి, ఉస్తాద్" అంది. ఆ మాటకి వాడి మీద పుట్టిన కుళ్ళు మాత్రం ఇంకా చల్లారలేదు.