లేని మనుషుల జట్టు

డిగ్రీ అయిపోయిన ఏడాది నేను కదిరి బస్టాండు దగ్గర ఒక కంప్యూటర్ సెంటర్‌లో చేరినాను. మా ఊరు నల్లమాడ పక్కన. పొద్దున బస్సెక్కి పోయి, వచ్చినవాళ్ళకు టైపింగు, ఎక్సెల్ నేర్పించి, సాయంత్రం బస్సుకు తిరిగొచ్చేదాన్ని. వచ్చేవాళ్ళు తక్కువ. టీచరు పోస్టుల పరీక్ష తప్పి ఉన్నాను. సెంటర్‌లో కూర్చోవడం ఒక ఉద్యోగమని నేనూ అనుకోలేదు, మా అమ్మా అనుకోలేదు. ఇంట్లో ఉంటే ఒకరి మొహం ఒకరం చూసుకోవాల. అది తప్పించుకునేకి పోయేదాన్ని.

ఇంటర్నెట్ ఉండే మిషన్ ఒక్కటే, ఓనర్ టేబుల్ పక్కన. ఆయన మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోతే నేను దాని ముందు కూర్చునేదాన్ని. ఫోన్ లైను మీద నడిచే నెట్. ఒక పేజీ తెరుచుకునేలోపల ఒక గ్లాసు టీ చల్లారిపోయేది. ఉద్యోగాల కోసం వెతుకుతాంటే ఒకరోజు ఒక ప్రకటన కనిపించింది. నీ సొంత బాస్కెట్‌బాల్ జట్టు నువ్వే నడుపుకో, ఊరికే, అని.

అనంతపురంలో హాస్టల్లో ఉండి చదివేటప్పుడు నేను కాలేజీ జట్టులో ఉండేదాన్ని. ఉండేదాన్ని అంటే, బెంచీ మీద. మిగతావాళ్ళకు నీళ్ళ సీసాలు అందించేది, వాళ్ళ చెప్పులు కాపలా కాసేది. కోర్టులోకి దిగింది లేదు. అయినా ఆట తెలుసు. చూసి చూసి తెలిసింది.

పేరు రాసి ఒత్తినాను. ఒక జట్టు ఇచ్చినారు. అందులో ఆటగాళ్ళకు పేరుంటుంది, వయసుంటుంది, ఎత్తుంటుంది, ఎవడు ఎంత బాగా బంతి వేస్తాడో ఎంత దూకుతాడో దానికి అంకెలుంటాయి. మనిషి మాత్రం ఉండడు. ఎవరికి ఏ పని నేర్పించాలో, ఎవర్ని దింపాలో, ఎవర్ని కొనాలో, ఎవర్ని అమ్మాలో మనం రాసి పెడితే, చెప్పిన వేళకు కంప్యూటరే ఆట ఆడించి, ఎవడు ఎవడికి బంతి ఇచ్చినాడో ఎవడు తప్పినాడో వరసగా రాసి చూపిస్తాది. అవతలి జట్ల వెనక మాత్రం నిజం మనుషులే, దేశంలో యాడెక్కడో కూర్చున్నవాళ్ళు. కొన్ని నెలలకొక సీజను. ఆ ఆటగాళ్ళకు వయసు మనకంటే తొందరగా మీద పడతాది. ముప్పై దాటితే అంకెలు తగ్గడం మొదలు.

మొదట్లో అన్నీ ఓడిపోయినాను. ఎవురికీ చెప్పలేదు.

ఆ ఏడు వాన లేదు. అంతకు ముందేడూ లేదు. విత్తిన శెనక్కాయ మొలిచి, జానెడు కూడా లేవకముందే ఎండిపోయింది. ఆఖరి బోరు నీళ్ళకు బదులు దుమ్ము కక్కినాక నాయన మాట్లాడడం మానేసినాడు. కోపం కాదు. అడిగితే ఊ అనేవాడు, లేకపోతే అదీ లేదు. వాకిట్లో బండ మీద కూర్చుని చేను పక్కకు చూస్తా ఉండేవాడు. చేన్లో చూసేకి ఏమీ లేదు.

ఒక సాయంత్రం నేను బస్సు దిగి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటాంటే, ఉన్నట్టుండి అడిగినాడు.

"ఆడ దినమంతా ఏం చేస్తాండావు పాపా?"

నేర్చుకునేకి ఎవురూ రావడం లేదని చెప్పబుద్ధి కాలేదు. జట్టు సంగతి చెప్పినాను.

"ఆ పిల్లోళ్ళు యాడుంటారు?"

"యాడా ఉండరు నాయనా. కంప్యూటర్లో లెక్క, అంతే."

"తిండి?"

"తిండి అక్కర్లేదు."

"నీళ్ళు?"

"నీళ్ళూ అక్కర్లేదు."

"అయితే మంచోళ్ళే," అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన మొహంలో నవ్వు లాంటిది చూసినాను.

ఆ రోజు నుంచి సాయంత్రమైతే అడిగేవాడు. పేర్లు ఆయన నోట పలకవు. మనిషిని పట్టి పేరు పెట్టుకున్నాడు. అందరికంటే ఎత్తుండేవాడు పొడుగోడు. ఎడమచేత్తో వేసేవాడు ఎడంచేతోడు. వయసు మళ్ళినవాడు ముసలోడు. "మీ పొడుగోనికి కాలు బాగైందా?" అనేవాడు. "ఎడంచేతోడు మళ్ళీ తప్పినాడా? ఆని బుద్ధే అంత." నేను పొయ్యి దగ్గర కూర్చుని ఆ పూట ఆట అంతా చెప్పేదాన్ని. కొన్నిసార్లు ఉన్నదానికి ఇంకొంచెం కలిపి చెప్పేదాన్ని.

అమ్మ ఒకసారి ట్యాంకరు దగ్గర్నుంచి బిందె నెత్తినెట్టుకొని వస్తా, వాకిట్లోనే నిలబడింది.

"అయ్యా బిడ్డా కలిసి లేని మనుషుల్ని సాకుతాండారు. ఉండే మనుషులకు తాగేకి నీళ్ళు లేవు. లెయ్యి, ఇంకో బిందె తెచ్చుకురా పో."

పోయి తెచ్చినాను.

జట్టు మెల్లగా గెలవడం మొదలుపెట్టింది. కింది లీగు నుంచి పైకొచ్చినాం. ఎవరు ఏ ఆటలో అలిసిపోతారో, అవతలివాడు ఎట్లా ఆడిస్తాడో పట్టుబడింది. పరీక్షకు అంత బుద్ధి పెట్టి చదివుంటే టీచరయ్యేదాన్నేమో. చదివే పుస్తకం తెరిస్తే మాత్రం అక్షరాలు లోపలికి పోయేవి కావు.

ముసలోనికి అప్పుడు మంచి ధర పలుకుతాంది. ఇంకో సీజను ఆగితే ఎవరూ కొనరు. అమ్మేద్దామని నాయనతో అన్నాను.

"అమ్మితే యాడికి పోతాడు?"

"కొన్నోళ్ళ జట్టుకు."

"వాళ్ళు ఆడిపిస్తారా, ఊరికే కూసోబెడతారా?"

"అది మనకు తెలీదు నాయనా."

ఆయన చేను పక్కకు తిరిగినాడు. తర్వాత "అమ్మొద్దులే పాపా, ఉండనీ" అన్నాడు.

ఆ వారమే ఎద్దుల్ని సంతకు తోలుకుపోయి ఉన్నాడు. గడ్డి లేదు. దేశమంతా అమ్మేవాళ్ళే, కొనేది మాత్రం లారీలోళ్ళు. ఆ ఎద్దులు ఏ చేనికీ పోవని అందరికీ తెలుసు. పగ్గాలు విప్పుకొని భుజాన వేసుకొని తిరిగొచ్చినాడు. ఎద్దును అమ్మినా పగ్గం ఇయ్యకూడదంటారు మా పక్క. వాటిని, ఎద్దుల్ని కట్టేసే గాటిపాడు గోడకు తగిలించినాడు. ఆ పూట అన్నం తినలేదు.

ముసలోన్ని నేను అమ్మలేదు. బెంచీ మీద ఉంచుకున్నాను.

పగ్గాలు తగిలించిన కొన్ని రోజులకే నాయన బెంగళూరు పోయినాడు. మా ఊరి మేస్త్రీ ఒకాయన బిల్డింగు పనికి మనుషుల్ని తీసుకుపోతాండె. కదిరి బస్టాండులో ఎక్కించేకి సెంటర్ నుంచి నేనే పోయినాను. సంచిలో రెండు పంచెలు, ఒక దుప్పటి, అమ్మ కట్టిచ్చిన రాగి పిండి. కిటికీలోంచి నాతో ఏదో చెప్పాలని చూసినాడు. పక్కన బస్సువాడు హారన్ కొడతానే ఉండాడు. "పిల్లోళ్ళను బాగా ఆడిపియ్యి" అన్నాడు చివరికి. అదే చెప్పదల్చుకున్నాడో, ఇంకేదన్నా ఉందో.

ఆ సీజను మేము వరసగా గెల్చుకుంటా పోయినాం. ఎవరూ అడిగేవాళ్ళు లేకపోయినా మొత్తం మనసులో పెట్టుకునేదాన్ని, నాయన వస్తే చెప్పాలని. మధ్యలో ఒకరోజు పేజీ తెరిస్తే, ముసలోడు ఆట మానుకున్నాడని ఒక్క వాక్యం రాసి ఉంది. జట్టు పట్టీలో అతని వరస ఖాళీ. ఆ ఖాళీని చూస్తా కూర్చుని, ఓనర్ వస్తున్న చప్పుడు విని మూసేసినాను.

ఫైనలు సాయంత్రం. ఆ వేళకు కదిరిలో కరెంటు పోయింది. సెంటర్ మెట్ల మీద కూర్చుని చూసినాను, చూసినాను. రాలేదు. మా ఊరి బస్సు తప్పిపోతే ఇంక వేరే లేదు, ఎక్కేసినాను. బస్సులో నిలబడి వస్తా, ఎక్కడో ఒక మిషన్‌లో నా పిల్లోళ్ళు ఇప్పుడు ఆడతాంటారు, నేను లేను అనుకున్నాను. మళ్ళీ నాకే నవ్వొచ్చింది. ఏం పిల్లోళ్ళు.

మర్నాడు తాళం తీసిన వెంటనే నెట్ కలిపినాను. ఎవరు గెలిచినారో ముందే చూడకుండా, పైనుంచి ఒక్కొక్క వరస చదువుకుంటా కిందికి పోయినాను. సగం ఆటకు వెనకబడి ఉన్నాం. పొడుగోడు తప్పుల మీద తప్పులు చేసి బయటికొచ్చేసినాడు. చివరి నిమిషంలో ఎడంచేతోడు వేసినాడు. పడింది. ఒక్క పాయింటు తేడా. మేమే చాంపియన్లం.

గట్టిగా అరిచినట్టున్నాను. టైపింగు చేసుకునే అమ్మాయి తిరిగి చూసింది. ఓనర్ అప్పుడే వచ్చి చెప్పులు విడుస్తాండాడు.

"ఏమమ్మా?"

"గెల్చినాను సార్. ఆటలో. దేశమంతటికీ ఫస్టు."

"ఏమిస్తారు?"

"ఏమీ ఇయ్యరు సార్. జట్టు పేరు పక్కన కప్పు బొమ్మ వేస్తారు."

"అంతేనా," అని ఆయన ఫ్యాను వేసుకున్నాడు.

మాతో ఫైనల్లో ఓడిపోయినాయన, ఉత్తరాది మనిషి, ఒక మెసేజు పంపి ఉన్నాడు. నన్ను మగవాడనుకున్నాడు. బ్రదర్, బాగా ఆడిపించినావు, ఈ రాత్రికి మీ ఇంట్లో పెద్ద పార్టీ ఉంటుంది కదా, అని. ఏం రాయాలో తెలీక, థాంక్స్ అని మాత్రం రాసినాను.

నాయనకు చెప్పాల. మధ్యాహ్నం బస్టాండులో ఎస్టీడీ బూత్‌కు పోయి మేస్త్రీ సెల్లుకు చేసినాను. నాయన యాడో పై అంతస్తులో ఉండాడంట, పిలిపిస్తా పట్టుకో అన్నాడు మేస్త్రీ. ఎవరో కేక వేయడం, ఇనుము ఇనుముకు తగలడం వినిపిస్తాంది. చాలాసేపటికి నాయన రొప్పుకుంటా వచ్చినాడు.

"ఏమైంది పాపా? అమ్మకేమన్నా అయిందా?"

"లేదు నాయనా. అందరం బాగుండాం. మనం గెల్చినాం."

"ఏం గెల్చినాం?"

రిసీవరు ఇంకో చెవికి మార్చుకున్నాను.

"జట్టు నాయనా. బాస్కెట్‌బాల్. పొడుగోడు, ఎడంచేతోడు… చివరి బంతి ఎడంచేతోడే వేసినాడు."

"ఓ," అన్నాడు. "అదా. మంచిదే." కొంచెం ఆగి, "ఆడ వానొచ్చిందా?" అన్నాడు.

"రాలేదు."

"మేస్త్రీ పిలుస్తాండాడు. పెట్టేస్తాండా. ఊరికే ఫోన్ చెయ్యాకు పాపా, గుండె ఆగినంత పనైంది."

బూత్ ఆయన నా మొహం చూసి, "ఏమైందమ్మా, చెడు వార్తా?" అని అడిగినాడు.

"లేదన్నా. మంచి వార్తే," అన్నాను.

ఇంటికి పోయి అమ్మతో అన్నాను, నాయన మర్చిపోయినాడే అని. అమ్మ చాటలో కొర్రలు చెరుగుతాంది. చెరగడం ఆపలేదు.

"ఆయప్పకు అది ఎప్పుడు తెలుసునని మర్చిపోయేకి? నువ్వు పరీక్ష పోయినప్పట్నుంచి మూతి ముడుచుకొని కూసుంటివి. అన్నం సరిగా తినకపోతివి. ఆ లేనోళ్ళ గురించి చెప్పేటప్పుడే నీ మొహంలో కళ కనపడతాండె. అందుకని అడుగుతాండె."

నేను ఇన్నాళ్ళూ నాయన మాట్లాడాలని చెప్తున్నాననుకున్నాను. కట్టెలమోపు దగ్గర కూర్చుండిపోయినాను. పుస్తకాల్లో అయితే ఆ మాట విన్నాక మనసు నిండాల. నాకట్లా కాలేదు. ఇద్దరం ఒకరి కోసం ఒకరం నటిస్తా వచ్చినాం, రెండు నటనలకూ అడుగున ఏమీ లేదు అనిపించింది. ఏడుపు కూడా రాలేదు.

తర్వాతి సీజనుకు జట్టును నేను సరిగ్గా చూడలేదు. మధ్యాహ్నం మిషన్ ఖాళీగానే ఉండేది. కూర్చునేదాన్ని, పేజీ తెరిచేదాన్ని, ఎవర్ని దింపాలో రాయకుండానే మూసేసేదాన్ని. మనం రాయకపోతే కంప్యూటరే తోచినవాళ్ళను దింపి ఆడిస్తాది. పొడుగోనికి ముప్పై దాటింది. ఓటమి మీద ఓటమి. ఉత్తరాది ఆయన ఇంకోసారి రాసినాడు, బ్రదర్, ఒంట్లో బాగాలేదా, అని. జవాబు రాద్దామని మొదలుపెట్టి, ఇంగ్లీషులో ఎట్లా చెప్పాలో తెలీక వదిలేసినాను. కొన్నాళ్ళకు పాస్‌వర్డు కొడితే, చాలాకాలం చూసుకోలేదు కాబట్టి జట్టు ఇంకొకరికి ఇచ్చేసినామని వచ్చింది.

వేసవిలో నాయన నడుం పట్టేసి ఇంటికొచ్చినాడు. చేతులు సిమెంటుకు తెల్లగా పగిలి ఉన్నాయి. మొదటి సాయంత్రం బండ మీద కూర్చుని, నేను బస్సు దిగి రాగానే, "పిల్లోళ్ళు ఎట్లుండారు పాపా?" అన్నాడు. అమ్మ వంట దగ్గర్నుంచి నావైపు చూసింది.

"బాగుండారు నాయనా," అన్నాను.

ఆయన ఇంకేం అడగలేదు. నేనూ ఇంకేం కల్పించలేకపోయినాను. అంతకు ముందు ఎంతైనా కల్పించేదాన్ని.

ఆ ఏడు వాన పడింది, పడకూడనప్పుడు పడింది. పీకి కుప్పేసిన శెనక్కాయ తడిసి, చేన్లోనే నల్లబడింది. నడుం నొప్పి తగ్గకముందే నాయన మళ్ళీ బెంగళూరు పోయినాడు. ఈసారి అమ్మను కూడా తీసుకుపోయినాడు, ఇసుక మోసేకి. సెంటర్ మూసేసినారు. నేను కదిరిలో ఒక ప్రైవేటు స్కూల్లో చేరి, ఇద్దరు టీచర్లతో ఒక రూములో ఉన్నాను. ఆదివారం రూము ఓనరమ్మ ఇంటికి నాయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చేది. "తిన్నావా పాపా?" అనేవాడు. "తిన్నా నాయనా, మీరు?" అనేదాన్ని. ఆ తర్వాత ఆయన పెట్టేయడు, నేనూ పెట్టేయను. అవతల కాంక్రీటు కలిపే మిల్లరు తిరుగుతా ఉండే చప్పుడు వినిపించేది.