ఫైలులో వచ్చిన పట్టుపురుగు

హైస్కూల్ మూడేళ్ళూ కాలేజీ సీటు కోసం నేను చదివింది మా ఊరు క్యాసంబళ్ళిలో, మా పట్టుపురుగుల గదిలో. చుట్టాలు అడుగుపెట్టని గది ఇంట్లో అదొక్కటే మరి. చివరికి కోలారు కాలేజీలో పీయూసీ, అంటే ఇంటర్, సీటుకి ఇంటర్వ్యూ రోజు వచ్చింది. ప్రిన్సిపాల్ మేడం నా ఫైలు తెరవగానే వేలంత పురుగొకటి బల్లమీదికి పాకింది. ఆమె కెవ్వుమన్నారు. సీటు పోయిందనుకున్నాను. వల్లించుకున్న ఇంగ్లీషంతా ఎగిరిపోయింది.

"ఏమీ చేయదు మేడం, పండిన పురుగు. గూడు కట్టేకి చోటు ఎతుకుతాండాది" అంటూ దాన్ని తీసి జామెట్రీ బాక్సులో పెట్టుకున్నాను. మేడం నవ్వాపుకోలేక, ఇంగ పురుగుల గురించే అడిగి సీటిచ్చారు.

ఇంటికొచ్చి చెబితే అమ్మ, "సీటొచ్చినాది సరే, పురుగు యాడమ్మా?" అంది.

బాక్సు తెరిచాను. మూలన సన్నగా గూడు మొదలైంది. ఒకే రోజు ఇద్దరికీ చోటు దొరికింది.