నేల దిండు మీది ముఖం

కరోనా తర్వాత సూరత్ మిల్లులు మళ్లీ గాడిన పడ్డ ఏడాది, దీపావళి సెలవులు ముగిసి లాభ పంచమి నాడు గేట్లు తెరిచినప్పుడు, పాండేసరాలోని ఒక ప్రింటింగ్ మిల్లులో డిజైన్ విభాగం అధిపతిగా చేరాను. అది నా చివరి కొలువు. అప్పటికే చీరల మీద పువ్వులు పూయించి పూయించి విసిగిపోయి ఉన్నాను. సిరిసిల్ల నుంచి మగ్గం పనికి వలస వచ్చిన కుటుంబం మాది. నేను మగ్గం వదిలి డ్రాయింగ్ టేబుల్ పట్టుకున్నాను, తేడా అంతే.

డిజైనర్ అంటే కిటికీలోంచి ఆకాశం చూస్తూ కొత్త బొమ్మలు ఊహించే మనిషని బయటివాళ్లు అనుకుంటారు. మా పని అలా ఉండదు. వ్యాపారి ఒక పాత చీరో, ఫోన్‌లో ఫోటోనో, పుస్తకమో తెస్తాడు. మేం దాన్ని స్కాన్ చేసి, కంప్యూటర్ మీద శుభ్రం చేసి, రిపీట్ కడతాం. ప్రింటింగ్ స్క్రీన్ అంటే గొట్టంలాంటి నికెల్ జల్లెడ. అది ఒక చుట్టు తిరిగినంత మేరలో బొమ్మ పూర్తయి, అతుకు తెలియకుండా మళ్లీ మొదలు కావాలి. దాన్నే రిపీట్ అంటాం. తర్వాత ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్. అసలు సరుకు వేసే ముందు కొద్ది మీటర్లు అచ్చు వేసి చూస్తాం. ఆ నమూనా పేరు స్ట్రైక్-ఆఫ్.

ఆ చలికాలంలో రింగ్ రోడ్డు ఎగుమతి వ్యాపారి మహేశ్‌భాయ్ నాలుగు లావుపాటి పుస్తకాలు మోసుకొచ్చాడు. న్యూజిలాండ్‌లో కొన్నవి. అక్కడి మూలవాసులైన మావోరీల కళ గురించినవి. ఒకటి చెక్కడాల మీద, ఒకటి నేత మీద, ఒకటి సభామందిరాల దూలాల మీద వేసే రంగుల వంకీల మీద, నాలుగోది ఇప్పటి మావోరీ డిజైనర్ల పనుల మీద. మహేశ్‌భాయ్ పుస్తకాన్ని బరువు చూసి కొనే రకం, లోపల ఏం రాశారో ఆయనకు అక్కర్లేదు. వీటిలోంచి ఆరు డిజైన్లు తీసి నేల దిండ్ల గలేబులకు వేయండి, సరుకు ఆ దేశానికే వెళుతుంది అన్నాడు. ఆరు డిజైన్ల కట్టను మేం కలెక్షన్ అంటాం.

ఆ కలెక్షన్ శ్రీలతకు అప్పగించాను. సూరత్‌లోనే గోడాదరా పేటలో ఉంటుంది, ముప్పై దాటిన మనిషి. తండ్రి పవర్‌లూమ్ నడిపి నడిపి చెవులు పోగొట్టుకున్నాడు. ఆమె మా మిల్లులో డిజైన్‌కు ఇంత అనే లెక్కన పనిచేసేది, జీతం పట్టీలో పేరు లేదు. పేరెక్కితే ఈఎస్ఐ కార్డు వస్తుంది. వాళ్లమ్మకు చక్కెర జబ్బు, కుడికాలి పుండు మానడం లేదు. కార్డుంటే ఈఎస్ఐ ఆసుపత్రిలో ఖర్చు లేకుండా చూపించుకోవచ్చు. ఈ కలెక్షన్ పాసైతే పట్టీలోకి ఎక్కిస్తానని శేఠ్, అంటే మిల్లు యజమాని, నా ముందే మాటిచ్చాడు. ఆమె మధ్యాహ్నం డబ్బా తినడం కూడా మరిచి పనిచేసింది.

పుస్తకాలు ఆమెకు బాగా నచ్చాయి. ముఖ్యంగా నేత పుస్తకం. మగ్గం లేకుండా, వేళ్లతోనే పోగులు మెలివేసి అంచులు అల్లే పద్ధతి ఒకటి అందులో ఉంది. భూతద్దం పెట్టి ఆ పుట చూస్తూ, “మగ్గం లేకుంట గింత సాపుగ ఎట్లొచ్చింది సార్?” అని నన్నడిగింది. నాకూ తెలియదన్నాను. ఎన్నేళ్ల తర్వాతో ఒక పుస్తకం చూసి మా గదిలో ఎవరైనా ఆశ్చర్యపడటం నాకు సంతోషం కలిగించింది.

కంటి శుక్లం ఆపరేషన్‌కు నేను సెలవు పెట్టి తిరిగొచ్చేసరికి మొదటి డిజైన్ స్ట్రైక్-ఆఫ్ నా బల్ల మీద ఉంది. నల్లని అడుగు రంగు మీద రాగి రంగు వంకీలు, ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొస్తూ. అతుకు ఎక్కడుందో కొత్తగా బాగుచేయించుకున్న కన్ను పెట్టి వెతికినా దొరకలేదు. మహేశ్‌భాయ్ అప్పటికే చూసి ఓకే చెప్పి, రెండు ముక్కలు తన సంచిలో పెట్టుకుపోయాడట. కాస్త దూరం జరిగి చూస్తే ఆ వంకీల మధ్య రెండు కళ్లు, ముక్కు, నోరు కనిపించాయి.

ఏ పుటలోది అని అడిగాను. చెక్కడాల పుస్తకం తెరిచి చూపించింది. ఒక పెద్దాయన పాత ఫోటో, నుదుటి నుంచి గడ్డం దాకా చర్మం మీద చెక్కిన పచ్చబొట్టు. దాన్ని మోకో అంటారు. ఫోటో కింద రాసిన నాలుగు వాక్యాలు నేను ఇంగ్లిషులో చదివి ఆమెకు తెలుగులో చెప్పాను. ఆయన ఫలానా కుటుంబానికి పూర్వీకుడు. ముఖంలో ఒక పక్క గీతలు తండ్రి వంశాన్ని, రెండో పక్క గీతలు తల్లి వంశాన్ని చెబుతాయి. ఈ పుస్తకంలో అచ్చు వేయడానికి మాత్రమే కుటుంబం అనుమతించింది. ముందు పుటలో ఇంకో మాట ఉంది: వాళ్లలో తల చాలా పవిత్రం.

శ్రీలత కుర్చీలో వెనక్కి వాలింది. ఆమె చేసిందేమిటో నాకూ అప్పుడే అర్థమైంది. చీరల పనిలో మేమంతా చేసేదే. బొమ్మలో సగం తీసుకుంటాం, దాన్నే అద్దంలోలా తిప్పి రెండో సగం చేస్తాం. శ్రమ సగమవుతుంది, రిపీట్ ఖచ్చితంగా కూర్చుంటుంది. ‘మిర్రర్ మారో’ అని మా గదిలో రోజూ వినబడే మాట. చీర మీది మామిడిపిందె బొమ్మకు దానివల్ల ఏం నష్టం లేదు. ఆ పెద్దాయన ముఖంలో మాత్రం ఒక పక్క మొత్తం పోయింది, రెండో పక్కే రెండుసార్లు వచ్చింది.

“గా పక్క వంకరగుందని నేనే తీసేసిన సార్,” అంది. ఫోటోను మళ్లీ దగ్గరికి లాక్కుని చూసి, “అంటే వాళ్లమ్మ దిక్కు మొత్తం పీకేసినట్టే గదా.”

ఏ పక్క ఎవరిదో రాయలేదన్నాను. ఆ మాట ఆమెను ఊరడించలేదు. “మా అమ్మమ్మకు చేతుల నిండ పచ్చబొట్లుండె. అవి ఎవడన్న దిండు మీద అచ్చేసి దానిమీద కూసుంటే నేనూకుంటనా? గీయన మొఖం మీద కూసుంటరా సార్ మంది?”

ఈ విషయం శేఠ్‌తో ఎలా చెప్పాలో నేను ఆలోచించి పెట్టుకున్నాను. ధర్మం గురించి కాదు, వ్యాపారం గురించి చెప్పాలి. సరుకు వెళ్లేది వాళ్ల దేశానికే, చూసినవాళ్లు గుర్తుపడతారు, కంటైనర్ వెనక్కొస్తుంది. బదులుగా నాలుగో పుస్తకంలోని డిజైనర్లలో ఒకరికి రాసి, డబ్బిచ్చి కొత్త బొమ్మలు గీయించుకోవచ్చు. ఇదంతా కాగితం మీద రాసుకుని సాయంత్రం వెళదామనుకున్నాను. మధ్యాహ్నమే శేఠ్ మా గదికి వచ్చి, స్ట్రైక్-ఆఫ్ చేత్తో తడిమి, స్క్రీన్లు ఎప్పుడు చేయిస్తున్నారని శ్రీలతనే అడిగాడు. ఆమె లేచి నిలబడి, ఇది ఒకాయన ముఖం, నేను వేయను అని హిందీలో చెప్పేసింది.

నేను మధ్యలో దూరి నా వాదన మొత్తం వినిపించాను. శేఠ్ తెలివైనవాడు, కంటైనర్ మాట దగ్గర ఆగాడు. మహేశ్‌భాయ్‌కి ఫోన్ చేయించాడు. ఆయనా భయపడ్డాడు. ఎగుమతి ఆర్డర్‌కు ఆ కలెక్షన్ రద్దు చేసి, మామూలు ఆకులు పువ్వులు వేయించారు. అవి వేరే డిజైనర్ చేశాడు. బయటి దేశపు డిజైనర్‌కు రాయడం గురించి మళ్లీ ఎవరూ మాట్లాడలేదు. ఆ మధ్యాహ్నం మా గదిలోంచి పోయేటప్పుడు శేఠ్ నాతో ఒక్కటే అన్నాడు: నాకు డిజైనర్ కావాలి, పూజారి కాదు. పట్టీలో ఆమె పేరు ఎక్కలేదు. నేను రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ వచ్చే సీజన్ చూద్దామన్నాడు.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం శ్రీలత ఫోన్ చేసింది. జాకెట్ గుడ్డకని సలాబత్‌పురా బట్టల బజారుకు వెళ్లిందట. “సార్, గిక్కడ కుప్పలు పోసిండ్రు,” అంది. ఏమిటని అడిగితే, “ఆయనే సార్,” అంది.

ఆటో ఎక్కి వెళ్లాను. నేల దిండ్లు, నల్లని అడుగు రంగు, రాగి వంకీలు. మా మిల్లులో అచ్చయినవి కావు, రంగు పొంగి గీతలు చెదిరి ఉన్నాయి. మహేశ్‌భాయ్ సంచిలో వెళ్లిన రెండు ముక్కలు ఎవరి చేతిలో పడ్డాయో, ఏ చిన్న మిల్లు స్కానర్ ఎక్కాయో కనుక్కోవడం అనవసరం. సూరత్‌లో ఒక మంచి డిజైన్ ఎక్కువ కాలం ఒంటరిగా ఉండదు. అయినా అది శ్రీలత కట్టిన రిపీటే, అద్దంలోలా తిప్పిన ఆ సగం ముఖం సహా. దుకాణదారు ఒక దిండు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని చాయ్ తాగుతున్నాడు. మమ్మల్ని చూసి రెండు దిండ్లు కిందికి విసిరి, కూర్చోండి, చాలా మెత్తన అన్నాడు. మేమిద్దరం ఆ ఎండలో నిలబడే ఉన్నాం. నాకు చాలా సిగ్గేసింది.

శ్రీలత పేరు పట్టీలోకి ఆ మరుసటి ఏడాది ఎక్కింది, బంధనీ గళ్ల కలెక్షన్ ఒకటి బాగా అమ్ముడుపోయాక. కార్డు వచ్చేనాటికి వాళ్లమ్మ కుడికాలి రెండు వేళ్లు తీసేశారు.

ఆ తర్వాత నేనున్నంత కాలం, నేను చదివి సంతకం చేయనిదే ఏ పుస్తకమూ స్కానర్ మీద పెట్టకూడదని నియమం పెట్టాను. డిజైన్‌ను ఆపాలంటే అక్కడే ఆపాలి. స్ట్రైక్-ఆఫ్ గేటు దాటాక ఎవరు వద్దన్నా అది వాళ్ల మనశ్శాంతికే. సంతకం నాదే ఉండాలని పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. మిల్లులో ‘వేయను’ అన్న మాటకు ఖరీదు ఉంటుంది, ఆ ఖరీదు అన్నవాళ్లే కడతారు. నేను అంటే నాకు రెండు రోజులు శేఠ్ ముఖం చాటేసేవాడు. ఆమె అంటే వాళ్లమ్మ కాలి వేళ్లు పోయాయి.