తీగ పీకినా ఆగని గొంతు

ఆమె పోయాక కూడా ఆ వీధుల్లో ప్రచారం ఆటో మోగితే తలలు కిటికీల్లోంచి బయటికొచ్చేవి; వేరే గొంతు విని లోపలికి పోయేవి. ఆమె అందరికీ మైకత్త. మామూలు రోజుల్లో జాకెట్లు కుట్టేది. ఎన్నికలొస్తే మిషను మీద గుడ్డ కప్పి పార్టీ ఆటో ఎక్కేది. ఎక్కడైనా ఒకటే మొదలు: “అమ్మా, పొయ్యి తగ్గించి గుమ్మంలోకి రండి!” ఎదురుగా నిలబడి చెప్పలేని మాట మైకులో చెప్పకూడదని ఆమె పట్టు.

ఒకసారి ఎన్నికల్లో ఏ పార్టీకీ మెజారిటీ రాలేదు. మైకత్త పార్టీ బయటినుంచి మద్దతిస్తే అవతలి పార్టీ గద్దెనెక్కింది. వాళ్ల మంత్రి ఒకాయన కూరగాయల మార్కెట్ స్థలాన్ని బిల్డరుకు రాసిచ్చేశాడు. దాంతో మద్దతు వెనక్కి తీసుకున్నారు, ప్రభుత్వం కూలింది, మళ్లీ ఎన్నికలు. మార్కెట్‌ను కాపాడతామని మైకత్త వీధివీధికీ మాటిచ్చింది. ఆ మాట తడి ఆరకముందే, మూడో పార్టీకి జడిసి ఆ రెండూ పొత్తు పెట్టుకున్నాయి. అక్కడి సీటు ఆ మంత్రికే ఇచ్చారు.

పార్టీ వార్డు కార్యదర్శి ఆమె మేనల్లుడే. మిషను పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“అత్తా, మారింది ఒక్క పేరేగా. ‘మన అభ్యర్థి’ అనేస్తే పోలా?”

“అనేద్దాం. ముందు నువ్వెళ్లి మార్కెట్లో టమాటాల పిన్ని మొహం చూసి అను. చెంప మిగిలితే రా, నేనూ అంటా.”

“సర్దుకుపోవాలత్తా, రాజకీయం కదా.”

“సర్దుబాటు మీ సీట్లకురా, నా నాలుక్కి కాదు.”

“అయితే ఆటో ఎక్కకు.”

“ఎక్కను పో. మిషను తొక్కే కాళ్లు నావేగా.”

కానీ ఆ గొంతు లేకపోతే గుమ్మంలోకి ఎవరొస్తారు? పార్టీ గుర్తు గురించి మంచి మాటలే ఉన్న ఆమె పాత రికార్డింగు కోసం వెతికాడు మేనల్లుడు. “పొయ్యి తగ్గించి” వరకూ విని, ఇదేనని ఆటోలో పెట్టేశాడు. అత్త రికార్డింగులన్నీ ఆ మాటతోనే మొదలవుతాయని హడావుడిలో తట్టలేదు.

మర్నాడు మార్కెట్లో మంత్రి చేతులు జోడించుకుని ముందు నడుస్తున్నాడు. వెనక ఆటోలో మైకత్త గొంతు పార్టీ గుర్తును పొగిడి, అదే ఊపులో ఇలా అంది: “ఈ మార్కెట్ నేల అమ్ముకున్న మంత్రి ఓటుకొస్తే ఏమడగాలో తెలుసా…”

ఆటో పక్కన నడుస్తున్న మేనల్లుడు మైకు తీగ పీకేశాడు.

సంచీ పట్టుకుని వంకాయలు ఏరుకుంటున్న మైకత్తను టమాటాల పిన్ని మోచేత్తో పొడిచింది. “ఏమడగాలి వదినా? అసలు ముక్క వాడు మింగేశాడు!”

మైకత్త సంచీ కింద పెట్టి, మంత్రికి అడ్డంగా వెళ్లి నిలబడింది.

“మా కాళ్ల కింద నేల ఎవర్నడిగి అమ్మావు బాబూ, అని అడగాలి. ఇదిగో, అడుగుతున్నా.”

మంత్రి జోడించిన చేతులు విడిపోయాయి. తీగ చేత్తో పట్టుకునే మేనల్లుడు పరుగెత్తుకొచ్చాడు. “అత్తా, నీకు దండం పెడతా, ఊరుకో!”

“పీకావుగా. ఇంకా ఏం పీకుతావు? ఇది తీగ లేని గొంతు.”

ఎవరో పకపకా నవ్వారు. టమాటాల పిన్ని గంప వెనక నుంచి లేచింది. “చెప్పు బాబూ, ఎవర్నడిగి?”

మంత్రి వెనక్కి తిరిగే లోపే మైకత్త పక్క వరసలోకి నడిచింది.

“అమ్మా, తక్కెళ్లు కింద పెట్టి ఇటు రండి!”