సువార్తమ్మతో పాలమూరు దాకా

ఈస్టరు ఆదివారం మా గుడిలో ప్రభు భోజనపు గిన్నెను సువార్తమ్మకు అందనివ్వకుండా, ఆమెను దాటించి పక్కవాళ్లకు ఇచ్చినవాడు సంఘపెద్ద యాకోబు. మా సంఘానికి గిన్నె ఒక్కటే. అందరం అందులోనే పెదవి ఆనిస్తాం. సువార్తమ్మ రెండేళ్లు పాలమూరు కుష్ఠు దవాఖానలో ఉండి, నయమై తిరిగొచ్చింది. "రోగం పోయిందని కాగితమున్నదా నీ దగ్గర?" అని యాకోబు అందరి ముందూ అడిగాడు. నాకు ఒళ్లు మండింది. ఆ కాగితమే తెచ్చి నీ ముఖాన కొడతానని లేచి అరిచాను. బుధవారమే ఆమెను వెంటబెట్టుకుని బయలుదేరాను.

తెల్లవారుజామున ఊరు విడిచి జడ్చర్లకు నాలుగు మైళ్లు నడిచాం. ఏడు గంటలకు పాలమూరు బస్సు, మనిషికి ఆరణాలు. బస్సు కదలగానే సంచిలోని కరపత్రం తీసి ఆమెకు గట్టిగా చదివి వినిపించాను. తోటివాణ్ణి ప్రేమించేవాడే దేవుని వెలుగులో నడుస్తాడు, ద్వేషించేవాడు కళ్లుండీ చీకట్లో తడుముకుంటాడు అని అందులో ఉంది. చీకటి అన్నచోటల్లా నాకు యాకోబు ముఖమే కనిపించింది.

"ఓ పంతులూ, బస్సుల సభ పెట్టినవా? ముందుగాల టిక్కెట్టు తీస్కో," అన్నాడు కండక్టరు. అందరూ నవ్వారు. నేను గొంతు ఇంకా పెంచాను.

ఎండ ఎక్కింది. సువార్తమ్మ తన చెంబులో ఒక గుక్క తాగి నాకు అందించింది.

"వద్దు పెద్దమ్మా, దూప అయితలేదు," అన్నాను. నిజానికి అరిచి అరిచి నాలుక ఎండిపోయి ఉంది. ఆమె నా పెదవులు చూసి, చెంబుకు మూత పెట్టుకుంది.

బస్టాండు నుంచి దవాఖాన మైలున్నర. డాక్టరు ఆమె చెవి దగ్గర చర్మం కొద్దిగా గీకి, పరీక్ష చేసి, పదకొండున్నరకు కాగితం రాసిచ్చాడు. ఈమె వల్ల ఎవరికీ భయం లేదని దాని సారాంశం.

"సూసినవా పెద్దమ్మా, గెలిచినం!" అని గేటు దగ్గరే ఎగిరాను.

"గిది సూపెడితే యాకోబు గిన్నె ఇస్తడు, బిడ్డా. మరి బస్సుల నువ్వు నీళ్లెందుకు తాగలె? నీకు గూడ కాగితం గావాల్నా?"

చెయ్యి చాచి చెంబు అడిగాను. సగం నీళ్లు అంగీ మీదే ఒలికాయి.

"జర నిమ్మలంగ తాగు. నేనేం గుంజుకుంట లేను," అని ఆమె పకపకా నవ్వింది.

ఇంటికొచ్చి మూడు రోజులైనా నాకు కుదురు లేదు. కరపత్రం నాకు కంఠతా వచ్చు. దాని వెలుగు మాత్రం నా ఎండిన నోటి దాకా కూడా రాలేదు. పోనీ, ఇప్పుడైనా వచ్చిందా? యాకోబు మీద కోపం చల్లారనే లేదు. ఆయన కూడా నేను ప్రేమించాల్సిన తోటివాడే అని చెప్పుకుంటే మనసు ఎదురు తిరుగుతోంది. ఆ మాట దగ్గరే ఆగిపోయి, ముందుకూ వెనక్కీ పోలేకున్నాను.

మీలో ఎవరైనా ఇంటి మనిషిని ఆ దవాఖానకు తీసుకుపోయేటట్టయితే ఏడు గంటల బస్సే పట్టండి. డాక్టరు కాగితాలు రాసేది బుధవారాలే, అదీ మధ్యాహ్నం లోపే; దాటితే మళ్లీ బుధవారం దాకా ఆగాలి.

రేపు ఆదివారం పొద్దున ఎనిమిది గంటలకు అందరూ గుడికి రండి. సువార్తమ్మ ముందు చాప మీద కూర్చుంటుంది. ఒక పక్కన నేనుంటాను. రెండో పక్కన జాగా ఆపి ఉంచుతాను. యాకోబు పెద్దయ్యా, ఎనిమిదింటికే రండి.